రెండు క్షేత్రాలు

పాఠ్యాంశ ఉద్దేశం

వ్యవసాయంలోను, నిత్యజీవితంలోను వాడే కొన్ని రసాయనాలు స్త్రీల దేహంలోని హార్మోన్ల వ్యవస్థకు అంతరాయం కలిగించగలవని శాస్త్రజ్ఞులు గుర్తించారు. వీటిలో కొన్ని సంబంధాలు ఋజువైనవి, కొన్ని ఇంకా సంభావ్యాలు. ఈ రెండింటి మధ్య భేదాన్ని గ్రహించి, భయానికి గాని నిర్లక్ష్యానికి గాని లోనుకాకుండా వివేకంతో మెలగడం విద్యార్థులకు అలవరచటమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

సంస్కృతం నుండి తెలుగులోకి వచ్చిన 'క్షేత్రం' అనే పదానికి అర్థాలు అనేకం. పొలం క్షేత్రం. పుణ్యస్థలం క్షేత్రం. భగవద్గీత పదమూడవ అధ్యాయంలో మానవ దేహమే క్షేత్రం. ధర్మశాస్త్ర పరిభాషలో భార్యకు కూడ క్షేత్రమని పేరు. పురుషుడు బీజప్రదాత, స్త్రీ ఆ బీజాన్ని మొలకెత్తించే నేల అన్నది ఆ పరిభాషకు మూలమైన భావన. ఆ ఉపమానం వినడానికి సొంపుగానే ఉంటుంది కాని, దాని వెనుక ఒక అన్యాయం దాగి ఉంది. పంట పండకపోతే నేలను నిందించినట్లే, సంతానం కలుగకపోయినా, గర్భం నిలువకపోయినా లోకం స్త్రీనే నిందించింది. 'గొడ్రాలు' అన్న మాట మన పల్లెల్లో ఎందరి బ్రతుకులను శాపగ్రస్తం చేసిందో చెప్పనలవి కాదు. ఆ మాటకు సమానమైన నిందావాచకం పురుషుని విషయంలో అంతగా వాడుకలో లేకపోవటం గమనింపదగినది.

పొలానికి, స్త్రీ దేహానికి నిజంగానే ఒక సంబంధం ఉన్నదని నేటి విజ్ఞానశాస్త్రం చెపుతున్నది. అయితే ఆ సంబంధం ప్రాచీనులు ఊహించిన రీతిది కాదు. ఒక క్షేత్రంలో చల్లిన విషం రెండవ క్షేత్రాన్ని చేరుతుందన్నదే ఆ సంబంధం.

సంగారెడ్డి జిల్లా పశ్చిమాన, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్నది జహీరాబాదు. 2016 వరకు ఇది మెదక్ జిల్లాలోనిది. ఎర్రనేలలు, నల్లరేగళ్లు కలగలిసిన ఈ మెట్టప్రాంతం ఒకప్పుడు జొన్నకు, పప్పుధాన్యాలకు నెలవు. నీటివసతి ఉన్నచోట చెఱకు, అల్లం, బంగాళదుంప, వాటి వెంట పత్తి వచ్చాయి. ఇటువంటి వాణిజ్య పంటలతో పాటు దక్కను పీఠభూమి అంతటా పురుగుమందుల వాడకం పెరిగింది. మందు కొట్టేవాడు సాధారణంగా పురుషుడు. కాని కొట్టిన మరునాడు ఆ చేనిలో దిగి కలుపు తీసేది, పత్తి ఏరేది, మందు తడిసిన బట్టలు ఉతికేది స్త్రీ. కైకిలికి పోయే స్త్రీకి చేతితొడుగులు ఉండవు, ముఖానికి కొంగే అడ్డు. మధ్యాహ్నం గట్టుమీద కూర్చొని సద్ది విప్పుకొన్నప్పుడు చేతులు కడుగుకోవడానికి నీరు దొరకని రోజులూ ఉంటాయి. విషం చర్మం ద్వారా, ఊపిరి ద్వారా, అన్నం ద్వారా దేహంలో ప్రవేశించడానికి ఇంతకంటె అనువైన మార్గాలు అక్కరలేదు.

దేహంలో ప్రవేశించిన రసాయనం ఏమి చేయగలదో తెలియాలంటే ముందుగా హార్మోన్లను గురించి తెలుసుకోవాలి. మన దేహంలో కొన్ని గ్రంథులు తమ స్రావాలను నాళాలతో పని లేకుండా నేరుగా రక్తంలోకి విడుస్తాయి. అందువల్లనే వీటికి వినాళ గ్రంథులని పేరు. ఆ స్రావాలే హార్మోన్లు. 1905లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు స్టార్లింగ్ ఈ పదాన్ని ప్రయోగించాడు. 'ప్రేరేపించేది' అని దీనికి అర్థం. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుండి వచ్చే సందేశాన్ని అనుసరించి అండాశయాలు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లను విడుదల చేస్తాయి. నెలసరి క్రమం తప్పకుండా రావటం, అండం పక్వం కావటం, గర్భం నిలువటం, పిండం పెరగటం అన్నీ ఈ హార్మోన్ల హెచ్చుతగ్గుల మీద ఆధారపడినవే. ఇవి రక్తంలో ఉండే పరిమాణం అత్యల్పం. అంత అల్పమైన పరిమాణంతోనే దేహాన్ని శాసిస్తాయి కాబట్టి, వీటి వ్యవస్థలో కలిగే చిన్న అలజడి కూడ పెద్ద ఫలితానికి దారితీయవచ్చు.

ప్రతి హార్మోనుకు దేహకణాలలో ఒక గ్రాహకం ఉంటుంది. హార్మోను తాళంచెవి వంటిది, గ్రాహకం తాళం వంటిది. తన తాళాన్ని తాను తెరవటమే హార్మోను ధర్మం. కొన్ని రసాయనాల నిర్మాణం హార్మోన్ల నిర్మాణానికి దగ్గరగా ఉండటం చేత, అవి దొంగ తాళంచెవుల వలె ఆ తాళాలలో దూరుతాయి. కొన్ని అకాలంలో తాళం తెరుస్తాయి, కొన్ని తాళంలో ఇరుక్కొని అసలు చెవికి చోటు లేకుండా చేస్తాయి. మరికొన్ని హార్మోన్ల ఉత్పత్తినో, అవి విరిగిపోయే క్రమాన్నో తారుమారు చేస్తాయి. ఇటువంటి రసాయనాలను అంతఃస్రావ విఘాతకాలు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం కలిసి వెలువరించిన 2012 నాటి నివేదిక, హార్మోన్లకు విఘాతం కలిగిస్తాయని తెలిసినవి, అనుమానింపబడినవి కలిపి సుమారు 800 రసాయనాలు ఉన్నాయని, వాటిలో చాల కొద్దింటినే పరీక్షించటం జరిగిందని పేర్కొన్నది.

ఇది కేవలం ఊహ కాదని నిరూపించిన విషాద ఘటన అమెరికాలో జరిగింది. 1938లో ఇంగ్లండులో కృత్రిమంగా తయారైన డి.ఇ.ఎస్. అనే ఈస్ట్రోజెన్ వంటి మందును, గర్భస్రావం జరగకుండా కాపాడుతుందన్న నమ్మకంతో వైద్యులు అనేక సంవత్సరాలు గర్భవతులకు ఇచ్చారు. దానివల్ల ప్రయోజనం లేదని 1953లోనే ఒక పరిశోధన చెప్పినా వాడకం ఆగలేదు. 1971లో బోస్టన్ వైద్యుడు ఆర్థర్ హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు ఒక దిగ్భ్రాంతికరమైన విషయాన్ని ప్రకటించారు. యువతులలో అత్యంత అరుదైన ఒక జననాంగ కాన్సర్ ఎనిమిది మందిలో కనిపించగా, వారిలో ఏడుగురి తల్లులు గర్భవతులుగా ఉన్నప్పుడు డి.ఇ.ఎస్. తీసుకొన్నవారు. మందు మింగినది తల్లి, ఫలితాన్ని అనుభవించినది పదిహేను, ఇరవై ఏళ్ల తరువాత కూతురు.

డి.ఇ.ఎస్. ఔషధం. తెలిసి మింగినది. తెలియకుండా దేహంలో చేరే రసాయనాల మాటేమిటి? డి.డి.టి. ఇందుకు ఉదాహరణ. కాలిఫోర్నియాలో 1959 - 67 మధ్య గర్భవతులైన స్త్రీల రక్తనమూనాలను భద్రపరచి, వారి సంతానాన్ని దశాబ్దాల తరబడి పరిశీలించారు. తల్లి రక్తంలో ఒక రకం డి.డి.టి. అత్యధికంగా ఉన్న కుమార్తెలలో, అత్యల్పంగా ఉన్నవారితో పోలిస్తే, రొమ్ము కాన్సర్ దాదాపు నాలుగింతలుగా కనిపించినట్లు 2015లో వెల్లడైంది. ఇటలీలోని సెవెసో పట్టణ సమీపాన 1976 జులై 10న ఒక కర్మాగారం నుండి డయాక్సిన్ అనే విషం వెలువడింది. అక్కడి స్త్రీలలో డయాక్సిన్ మోతాదు పెరిగిన కొద్దీ గర్భం దాల్చడానికి పట్టే కాలం కూడ పెరిగినట్లు 2010లో ప్రకటితమైన అధ్యయనం తెలిపింది. అయితే అదే స్త్రీలలో ఎండోమెట్రియోసిస్ అనే వ్యాధికి డయాక్సిన్‌తో నిస్సందేహమైన సంబంధం తేలలేదు. ఒకే విషం, ఒకే ఊరు. ఒక సంబంధానికి ఆధారం దొరికింది, మరొకటి అనుమానంగానే మిగిలింది. శాస్త్రం నిజాయితీ ఇటువంటి చోటనే తెలుస్తుంది.

దూరదేశాల ముచ్చట అటుంచి మన నేలకు వద్దాం. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యుశాస్త్ర సంస్థ పరిశోధకులు పత్తిచేలలో పురుగుమందులు చల్లే పురుషుల కుటుంబాలను పరిశీలించి, ఆ ఫలితాలను 1991లో ప్రకటించారు. భర్త మందు చల్లే 1016 జంటలను, అటువంటి పనితో సంబంధం లేని 1020 జంటలను పోల్చి చూశారు. మందు చల్లే వారి కుటుంబాలలో గర్భస్రావాలు, మృతశిశు జననాలు, పుట్టిన కొద్ది రోజులకే శిశువు మరణించటం, పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువగా కనిపించాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 1987లో, ద్రాక్షతోటలలో పురుగుమందులతో పనిచేసే వారిపై అదే విశ్వవిద్యాలయం నుండి వెలువడిన అధ్యయనం కూడ ఇటువంటి హెచ్చరికనే చేసింది.

ఈ పరిశోధనలో మనం ప్రత్యేకంగా గ్రహించవలసిన అంశం ఒకటి ఉంది. మందు చల్లినది భర్త. గర్భం పోయినది భార్యకు. 'బీజం ఎప్పుడూ మంచిదే, క్షేత్రానిదే దోషం' అన్న అనాది నిందకు ఇది సమాధానం. రసాయనాలు పురుషుని శుక్రకణాలను కూడ దెబ్బతీయగలవు. గర్భం నిలువలేదని కోడలిని ఆడిపోసుకొనే అత్తగారు, ఆ నింద వేయడానికి ముందు కొడుకు భుజాన ఉన్న స్ప్రేయరు వైపు ఒకసారి చూడవలసి ఉంటుంది.

ఇంత తెలిసిన తరువాత, స్త్రీలకు వచ్చే ప్రతి వ్యాధికీ రసాయనాలే కారణమని తేల్చివేయవచ్చునా? తేల్చరాదు. విషానికి గురికావటానికి, వ్యాధి బయటపడటానికి నడుమ ఏళ్లు గడుస్తాయి. ఒక స్త్రీ తన జీవితంలో ఒక్క రసాయనాన్ని కాదు, పదుల కొద్దీ రసాయనాల మిశ్రమాన్ని ఎదుర్కొంటుంది. గర్భస్రావానికి రక్తహీనత, చిన్నవయసులో పెళ్లి, బరువు పనులు, అంటురోగాలు, జన్యుకారణాలు కూడ దోహదం చేయవచ్చు. అండాశయాలలో నీటితిత్తులుగా కనిపించే పి.సి.ఓ.ఎస్. అనే రుగ్మత ఉన్న స్త్రీల రక్తంలో, ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్‌ఫినాల్-ఎ హెచ్చుగా ఉన్నట్లు కొన్ని పరిశోధనలు చెప్పాయి. కాని ఆ రసాయనం వల్ల రుగ్మత వచ్చినదో, రుగ్మత వల్ల ఆ రసాయనాన్ని విసర్జించే శక్తి తగ్గినదో స్పష్టం కాలేదు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాజాలదు. కాకి వాలటం, తాటిపండు రాలటం ఒకేసారి జరిగినంత మాత్రాన కాకి బరువుకే పండు రాలిందనరాదని మన కాకతాళీయ న్యాయం ఏనాడో చెప్పింది.

అనవసరమైన భయం కూడ ప్రమాదమే. మన ప్రాంతంలో ఆ ప్రమాదం ఎంతటిదో గణాంకాలే చెపుతున్నాయి. 2015 - 16 నాటి నాల్గవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 సంవత్సరాల వయసు గల స్త్రీలలో గర్భసంచి తొలగింపబడినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెల్లబట్ట అయినా, నెలసరిలో అధిక రక్తస్రావమైనా, మందులతో నయం కాగల బాధలకు సైతం గర్భసంచిని తీయించుకోవటం పల్లెల్లో పరిపాటి అయింది. 'పిల్లలు పుట్టారు, ఇక ఆ సంచితో పనేమి?' అన్న మాట దీనికి ఊతమిచ్చింది. గర్భసంచితో పాటు అండాశయాలను తీసివేస్తే హార్మోన్లు ఒక్కసారిగా ఆగిపోయి, ముప్ఫై ఏళ్లకే ముట్లుడిగిన వృద్ధాప్యం, ఎముకల బలహీనత దాపురిస్తాయి. రసాయనం నెమ్మదిగా చేయగలిగిన విఘాతాన్ని అనవసర శస్త్రచికిత్స ఒక్క పూటలో చేస్తుంది. ఇటువంటి శస్త్రచికిత్సలను అరికట్టడానికి మార్గదర్శకాలను అమలు చేయవలసిందిగా 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

అయితే సందేహం ఉన్నది కదా అని చేతులు ముడుచుకొని కూర్చుందామా? డి.ఇ.ఎస్. విషయంలో ఋజువు దొరికేసరికి ఒక తరం గడిచిపోయింది. ఎండోసల్ఫాన్ విషయంలోనూ అంతే. కేరళలోని కాసరగోడు జీడితోటల పరిసరాలలో ఏళ్ల తరబడి ప్రజలు మొరపెట్టుకొన్న తరువాత, 2011 మే నెలలో సుప్రీంకోర్టు దాని ఉత్పత్తిని, అమ్మకాన్ని, వాడకాన్ని నిలిపివేసింది. అదే సంవత్సరం స్టాక్‌హోం ఒప్పందంలో చేరిన దేశాలు దానిని నిర్మూలింపదగిన రసాయనాల జాబితాలో చేర్చాయి. పూర్తి నిశ్చయం కలిగేదాకా వేచి ఉండటానికి కూడ ఒక మూల్యం ఉంటుంది. ఆ మూల్యాన్ని చెల్లించేది వేచి ఉండమని చెప్పినవారు కాదు, పొలంలో నిలిచినవారు.

పురుగుమందు డబ్బా మీద ఒక గుర్తు ఉంటుంది. దానిలో ఎరుపు రంగు ఉంటే అత్యంత విషపూరితం, పసుపు ఉంటే అధిక విషపూరితం, నీలం ఉంటే మధ్యమం, ఆకుపచ్చ ఉంటే స్వల్పం అని అర్థం. ఈ రంగులు వెంటనే ప్రాణం తీసే శక్తిని బట్టి నిర్ణయింపబడినవి. ఏళ్ల తరువాత హార్మోన్లపై చూపగల ప్రభావాన్ని ఇవి తెలుపవు. కాబట్టి ఆకుపచ్చ గుర్తును చూసి 'ఇది ప్రమాదం లేనిది' అనుకోవటం పొరపాటు. వెంటనే చంపక, దేహంలో చిరకాలం నిలిచి, అదను చూసి ప్రకోపించే విషాన్ని సుశ్రుత సంహితలోని కల్పస్థానం 'దూషీవిషం' అన్నది. నేటి రసాయనాలు ప్రాచీనులకు తెలియవు. కాని విషమంటే తక్షణ మరణం మాత్రమే కాదన్న ఎరుక వారికి ఉండేది.

మరి దారి ఏది? ఒక దారిని జహీరాబాదు ప్రాంతపు స్త్రీలే చూపారు. 1983లో ఆవిర్భవించిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా ఇక్కడి పల్లెల్లో మహిళా సంఘాలను కూడగట్టింది. ఆ సంస్థకు చిరకాలం సారథ్యం వహించిన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. సంఘాలలోని స్త్రీలలో అత్యధికులు దళితులు, ఎకరం రెండెకరాల మెట్టచేను గలవారు. వారు పడావుపడిన భూములను సాగులోకి తెచ్చి, రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, మినుము, అనుములను కలిపి పండించారు. ఒకే చేనిలో పలు పంటలు ఉన్నప్పుడు ఒక పంటను ఆశించే పురుగు చేనంతటినీ కబళించలేదు. యాసంగిలో నీటితడి లేకుండా, కేవలం నేలలోని తేమతోను, మంచుతోను పండే పంటలను వారు 'సత్యం పంటలు' అని పిలుచుకొంటారు. ఆ పేరులోని కవిత్వానికి ఏ కవి అయినా తల వంచవలసిందే.

ఆ చేలలో విత్తకుండా మొలిచే గునుగు, తుమ్మి, దొగ్గలి వంటి ఆకులు వారికి కలుపు కాదు, కూర. కలుపుమందు చల్లిన చేనిలో ఈ కూర దొరకదు. తెలంగాణ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో బాధపడుతున్నట్లు 2019 - 21 నాటి జాతీయ సర్వే తెలిపింది. అటువంటి చోట ఆకుకూర, చిరుధాన్యం పళ్లెం నుండి మాయం కావటం చిన్న నష్టం కాదు. ఈ స్త్రీలు 2008 అక్టోబరు 15న మాచ్నూర్‌లో 'సంఘం రేడియో'ను ప్రారంభించి తమ అనుభవాన్ని తమ యాసలోనే చాటారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం లభించింది.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ స్త్రీలు హార్మోన్ల శాస్త్రం చదివి ఈ సేద్యాన్ని చేపట్టలేదు. అప్పులేని పంట కోసం, ఇంటిల్లిపాదికి తిండి కోసం, చేతిలో విత్తనం కోసం చేపట్టారు. ఈ సేద్యం వ్యాధులకు చికిత్స అని చెప్పటం కూడ శాస్త్రసమ్మతం కాదు. కాని విషం చల్లని చేనిలో కలుపు తీసే స్త్రీ ఆ విషానికి గురికాదు. ఈ విషయానికి ప్రయోగశాల సాక్ష్యం అక్కరలేదు.

మందులు వాడక తప్పని చోట పాటింపదగిన జాగ్రత్తలు ఉన్నాయి. మందు కొట్టిన చేనిలోకి చెప్పిన గడువు తీరేదాకా దిగరాదు. గర్భవతులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు ఆ దరిదాపులకు పోరాదు. మందు తడిసిన బట్టలను విడిగా ఉతకాలి. ఖాళీ డబ్బాలను నీటికి గాని, ధాన్యానికి గాని వాడరాదు. వేడి ఆహారాన్ని ప్లాస్టిక్ సంచులలో పోయించుకోరాదు. నెలసరి తప్పినా, రక్తస్రావం ఎక్కువైనా సిగ్గుపడి దాచక వైద్యులను సంప్రదించాలి. గర్భసంచి తీయాలని ఒకరు చెపితే మరొక వైద్యుని అభిప్రాయం కూడ తీసుకోవాలి. సంతానలేమి విషయంలో భార్యాభర్తలిద్దరూ పరీక్ష చేయించుకోవాలి.

పోతన భాగవతంలో క్షీరసాగర మథన ఘట్టం మనకు సుపరిచితం. లోకాలను దహించే హాలాహలాన్ని శివుడు మింగాడు. అది గరళమని ఆయనకు తెలుసు. లోకహితం కోరి, పార్వతి సమ్మతితో, ఇష్టపూర్వకంగా స్వీకరించాడు. కంఠాన నిలుపుకొనే శక్తి కూడ ఆయనకు ఉంది. మన చేలలో వంగి కలుపు తీసే తల్లికి ఆ ఎరుక లేదు, ఆమె సమ్మతిని అడిగినవారు లేరు, ఆ గరళాన్ని గొంతులో ఆపగల శక్తీ లేదు. అది ఆమె గర్భస్థ శిశువు దాకా పోవచ్చు. తెలుసుకొనే హక్కు, కాదనే హక్కు ఆమెకు కలిగించటం చదువుకొన్న మనందరి కర్తవ్యం. రెండు క్షేత్రాలూ పచ్చగా ఉన్ననాడే పల్లె పచ్చగా ఉంటుంది.

కఠిన పదాలు - అర్థాలు

క్షేత్రం : పొలం, దేహం, పుణ్యస్థలం
వినాళ గ్రంథి : నాళం లేని గ్రంథి
విఘాతకం : దెబ్బతీసేది, అంతరాయం కలిగించేది
గ్రాహకం : స్వీకరించేది
సంభావ్యం : జరగడానికి అవకాశం ఉన్నది
కైకిలి : కూలిపని
పడావు : సాగు లేని బీడు
యాసంగి : శీతకాలపు పంటకాలం, రబీ
కాకతాళీయం : అనుకోకుండా ఒకేసారి సంభవించేది
గరళం : విషం

అభ్యాసం

అ) ఈ కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రసాయనాలు హార్మోన్ల వ్యవస్థకు ఏ విధంగా అంతరాయం కలిగిస్తాయో సోదాహరణంగా వివరించండి.
2. జహీరాబాదు ప్రాంత మహిళా సంఘాల సేద్య విధానాన్ని, దాని ప్రయోజనాలను తెలపండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధన స్త్రీలపై గల అపనిందను ఎట్లా ప్రశ్నిస్తున్నది?
2. కాకతాళీయ న్యాయాన్ని రచయిత ఏ సందర్భంలో ప్రస్తావించారు?
3. పురుగుమందు డబ్బాపై గల రంగులు ఏమి తెలుపుతాయి? ఏమి తెలుపవు?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. హార్మోన్ అనే పదాన్ని 1905లో ప్రయోగించినది ఎవరు?
2. 'సత్యం పంటలు' అనగా నేమి?
3. సంఘం రేడియో ఎప్పుడు, ఎక్కడ ప్రారంభమైంది?